ఉధ్నా తెలుగువారి ఊరి ప్రయాణం

హిందీ నుండి తెలుగులోనికి అనువదించేవారు ప్రతిదినం జాగ్రత్తపడవలసిన మాటలలో ‘ఉద్యోగ్’ ఒకటి. హిందీలోను, గుజరాతీలోను ఆ మాటకు పరిశ్రమ అని అర్థం. తెలుగులో ఉద్యోగమనగా కొలువు. సూరత్ నగరపు దక్షిణభాగాన గల ఉధ్నాలో 1950 దశకంలో సహకార పద్ధతిపై వెలసిన పారిశ్రామిక వాడ పేరు ఉద్యోగనగర్. తెలంగాణ పల్లెలనుండి అక్కడికి చేరిన నేత కార్మికుడు ఆ పేరును తన భాషలోనే అర్థం చేసికొన్నాడు. పరిశ్రమల నగరం అతనికి కొలువుల నగరంగా కనిపించినది. అతని జీవితాన్ని బట్టి చూచినచో ఆ అర్థమే సరియైనదని చెప్పవలసి ఉన్నది.

సూరత్‌లోని తెలుగువారిలో అధికసంఖ్యాకులు పూర్వపు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలీలు. నేత వారి కులవృత్తి. చేనేతకు గిరాకీ సన్నగిల్లినకొద్దీ ఈ కుటుంబాలు మొదట షోలాపూరుకు, బొంబాయికి, భివండీకి, ఆ తరువాత సూరత్‌కు తరలినవి. 1982 జనవరిలో డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఈ తరలింపులో ఒక మలుపు. సమ్మె ముగింపన్నది లేకుండా సాగి, మిల్లులు ఒకటొకటిగా మూతపడగా, బట్ట నేసే పని భివండీ, సూరత్‌లలోని మరమగ్గాల షెడ్లకు మళ్లినది. పని ఎటు మళ్లితే నేతగాడు అటు వెళ్లినాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. యంత్రమని అర్థమిచ్చే గుజరాతీ మాట ‘సంచో’. చేతిలోని పనిముట్టు పేరు రెండు చోట్లా దాదాపు ఒకే విధంగా వినిపించడం కొత్తగా వచ్చినవానికి కొంత ధైర్యం ఇచ్చి ఉండవచ్చును.

ఉధ్నా ఒక రైలు కూడలి కూడా. ముంబయి మార్గం నుండి ఇక్కడ ఒక దారి తూర్పుగా చీలి, తాపీ లోయ వెంబడి నందుర్బార్ మీదుగా జల్‌గావ్ చేరును. అహమ్మదాబాదు నుండి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోయి, భుసావల్, వార్ధా, బల్లార్షాలు దాటి మంచిర్యాల, వరంగల్లు చేరును. అంటే, ఉధ్నాలోని తెలుగు కార్మికుని ఇంటికి, అతని పుట్టిన ఊరికి మధ్య దాదాపు ఒక దినపు ప్రయాణమున్నది. ఇదే దారిలో ఖాందేశ్ ప్రాంతపు మరాఠీలు ఉధ్నాకు వచ్చినారు. ఒడిశాలోని గంజాం జిల్లానుండి ఒడియావారు, ఉత్తరప్రదేశ్, బీహారులనుండి భోజ్‌పురీ మాట్లాడేవారు వచ్చినారు. ఉధ్నా, లింబాయత్, పాండేసరాలలోని షెడ్లలో పక్కపక్క మగ్గాలపై ఈ నలుగురూ నిలిచి పని చేస్తారు. మగ్గాల హోరులో మాట వినిపించదు కనుక షెడ్డులోపల వారి ఉమ్మడి భాష చేతిసైగ. షెడ్డు వెలుపల అది హిందీ. ఆ హిందీ ఏ వ్యాకరణ గ్రంథానికీ లొంగనిది. అందులో గుజరాతీ క్రియ, మరాఠీ తిట్టు, తెలుగు ఆశ్చర్యార్థకం కలిసి ఉండును.

ఆ నలుగురూ సెలవు అడిగేటప్పుడు వాడే మాటలు గమనింపదగినవి. గుజరాతీ ‘వతన్’ అనును, ‘గామ్’ అనును. భోజ్‌పురీ ‘దేస్’ అనును. ఒడియావాడు ‘గాఁ’ అనును. తెలుగువాడు ‘ఊరికి పోతున్నా’ అనును. హిందీలో ‘ఘర్ లౌట్‌నా’ అన్న ప్రయోగాన్ని ‘ఇంటికి తిరిగిపోవడం’ అని తెనిగించితే మాటకు మాట సరిపోవును గాని భావం సరిపోదు. తెలుగులో ఇల్లు వేరు, ఊరు వేరు. ఇల్లు ఉధ్నాలో అద్దెకు దొరకును. ఊరు అద్దెకు దొరకదు.

ఊరికి పోవడానికి అడ్డు వచ్చేది దూరం కంటె పంచాంగమే. తెలంగాణలో ఇల్లు విడిచిపోయినవారందరూ తిరిగి చేరే పండుగ దసరా. సూరత్‌లో పరిశ్రమ మూతపడేది దీపావళికి. దీపావళి బేరం కొరకు బట్ట సిద్ధంచేసే నెలలు షెడ్లలో పని ఎక్కువగా ఉండే నెలలు. దసరా ఆ రోజులలోనే వచ్చును. పండుగ ఉన్నప్పుడు సెలవు లేదు, సెలవు వచ్చేసరికి పండుగ వెళ్లిపోవును. మధ్యనున్న ఇరవై దినాలు ఒక సంసారపు పెద్ద సమస్య. కూలి ముక్కలెక్కన, అనగా నేసిన మీటర్ల లెక్కన వచ్చేది కనుక, దసరాకు వెళ్లినవాడు వేతనం కోల్పోవడమే కాక తన మగ్గాలు ఇతరుని చేతికి పోయే ప్రమాదాన్ని కూడా ఎదుర్కొనును. వెళ్లనివాడు అమ్మకు, అత్తకు జవాబు చెప్పుకొనవలెను. యజమాని వద్ద ముందుగా కొంత సొమ్ము బాకీ తీసికొని వెళ్లే ఆచారం ఈ చిక్కునుండి పుట్టినదే. ఆ బాకీ అతడు తిరిగి వచ్చుటకు హామీ కూడా అగును. పండుగ ప్రయాణాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను విడిచిపెట్టుట న్యాయం కాదు.

దసరాకు వెళ్లలేనివారు ఉధ్నాలోనే పండుగ చేసికొంటారు. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో తెలంగాణ పండుగ మొదలగును. మరునాటినుండి గుజరాతులో నవరాత్రి గర్బా మొదలగును. ఒక వీధిలో తెలుగు స్త్రీలు పూలతో పేర్చిన బతుకమ్మను నడుమ ఉంచి చప్పట్లు చరుస్తూ తిరుగుతుండగా, పక్క వీధిలో గుజరాతీ స్త్రీలు దీపముంచిన చిల్లుల కుండ చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. ఆ కుండ పేరు ‘గర్బో’. గర్భ శబ్దం నుండి వచ్చిన మాట అది. ఒక చోట పువ్వు, మరొక చోట దీపం. నడుమ అమ్మవారు, చుట్టూ వలయం రెండింటా ఒక్కటే. బతుకమ్మను 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించినది. గర్బాను 2023 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. బతుకమ్మకు ముఖ్యమైన తంగేడుపువ్వు గుజరాతులో కూడా పూయును. అక్కడ దాని పేరు ‘ఆవళ్’. పేరు తెలియనంతకాలం దొరకని పువ్వు పేరు తెలిసిన తరువాత దొరకును. పొరుగు భాష నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి కారణం నాకు తోచదు.

యువకుల సంగతి వేరు. వారికి కావలసినది పెద్ద మోత గల సంగీతం. 1980 దశకారంభంలో కచ్ఛీ కుటుంబానికి చెందిన సంగీత దర్శకుడు బాబ్లా, ఎలక్ట్రిక్ గిటారును, పాశ్చాత్యపు డ్రమ్ములను దాండియా పాటలకు జోడించి ‘డిస్కో దాండియా’ రికార్డులు వెలువరించినాడు. పెద్దలు పెదవి విరిచినారు, పిల్లలు ఆడినారు. నేటి నవరాత్రి మైదానాలలో వినవచ్చే వాద్యబృందాలన్నీ ఆ దారిలోనివే. రాక్ సంగీతమని ప్రపంచం పిలిచే దానికి మూలబలం తాళం. ఆ తాళం ఉధ్నా కుర్రవానికి ముందుగా పరిచయమైనది పగలంతా వినే మగ్గపు చప్పుడులో. ఊరికి వెళ్లినప్పుడు అతనికి డప్పు ఎదురగును. వేపచెక్క వలయానికి మేకతోలు బిగించి చేసే ఈ వాద్యాన్ని మంటవద్ద కాచి, కుడిచేత సిర్రతోను, ఎడమచేత చిటికెన పుల్లతోను వాయిస్తారు. వేడి తగ్గగానే శ్రుతి దిగిపోవును. మళ్లీ కాచవలెను. విద్యుత్తు లేకుండా, స్పీకర్లు లేకుండా ఊరి పొలిమేర దాటి వినిపించే ఈ వాద్యం ముందు పట్నపు వాద్యాల హంగు వెలవెలబోవును.

ఉధ్నాలో పుట్టి పెరిగిన ఇరవై ఏండ్ల తెలుగు యువకుడు వేసవిలో ఊరికి బయలుదేరినాడనుకొందము. వెంట ఇద్దరు స్నేహితులు, ఒకడు గంజాం ఒడియా, ఒకడు ఖాందేశీ. మూడు భాషల కుర్రవాళ్లు ఒకే బోగీలో తలుపువద్ద కూర్చొని పోవడం ఈ మార్గంలో నిత్యం కనిపించే దృశ్యం. ఊరిలో వారిని పలుకరించేవారు ‘సూరతోళ్లు వచ్చినరు’ అని అంటారు. తన సొంత ఊరిలోనే తన పేరు సూరత్ అయిపోవడం ఆ యువకుని మొదటి అనుభవం. ఒడియా స్నేహితుడు కూడా అక్కడ సూరత్‌వాడే. మేనత్త ముగ్గురినీ ‘బిడ్డా’ అనే పిలుచును. మూడు విస్తళ్లు ఒకే వరుసలో పరచును. సాయంత్రానికి మేనబావ వచ్చి తాళ్లవైపు పోదామనును.

ఇక్కడ కల్లును గూర్చి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. అనువాదంలో దీనికి జరిగే అన్యాయం ఎక్కువ. హిందీలో ‘శరాబ్’ అన్న ఒక్క మాట కింద అన్నీ వచ్చిచేరును. తెలుగువాడు కల్లును, సారాను, సీమసారాను ఒక గాటన కట్టడు. కల్లు చెట్టునుండి దిగినది, సారా బట్టీనుండి కారినది. తాటికల్లు, ఈతకల్లు వేరువేరు. తాటికల్లులో మరల కాలాన్నిబట్టి పోత్తాడు, పరుపుతాడు, పండుతాడు అని భేదాలున్నవి. గౌడ కులస్థుడు మోకు, ముస్తాదు సాయంతో చెట్టెక్కి, గెలను సన్నగా చెక్కి లొట్టి కట్టును. తెల్లవారుజామున దిగిన రసం తీయగా ఉండును. గాలిలోను, లొట్టిలోను ఉన్న ఈస్ట్ అప్పటికే తన పని మొదలుపెట్టి ఉండును. ఎండెక్కేసరికి చురుకు, సాయంత్రానికి పులుపు, మరునాటికి పుల్లనీళ్లు. మంచి కల్లులో మద్యసారం నూటికి నాలుగైదు పాళ్లను మించదు. లొట్టిలోపల సున్నం పూసినచో పులియడం ఆగును. ఆ తీపి రసమే నీరా.

ఆ ముగ్గురు స్నేహితులకు చెట్టు కింద సంభాషణ సులువుగా కుదురును. ఈతచెట్టును ఖాందేశీ ‘శిందీ’ అనును. దాని కల్లును కూడా అదే పేరుతో పిలుచును. ఒడియా స్నేహితుడు తన రాష్ట్రపు కొండలలోని ‘సలప’ను తలచుకొనును. అది మన శ్రీకాకుళం, విశాఖ మన్యాలలోని జీలుగుచెట్టే. వేసవిలో సూరత్ వీధులలో అమ్మే ‘గలేలీ’ మన తాటిముంజలే. తాటాకు రేకలో పోసిన కల్లును రెండు చేతుల ఒడిసిపట్టి తాగడం మాత్రం చూచి నేర్చుకొనవలసినదే. మొదటిసారి సగం చొక్కా మీద పడును.

ఈ పానీయం కొరకు చెట్టువద్దకే రావలసి ఉన్నది. సీసాలో పోసి దూరం పంపితే అది కల్లు కాదు. ఇంగ్లండులో ఏల్ అని పిలిచే బార్లీ పానీయానికి కూడా ఇటువంటి చరిత్ర ఉన్నది. పీపాలోనే పులియుచుండే స్థానికపు ఏల్‌ను పెద్ద కర్మాగారాల బీరు మింగివేస్తున్నదని భావించినవారు 1971లో ‘నిజమైన ఏల్’ కొరకు ఒక ఉద్యమసంస్థ స్థాపించినారు. పరదేశంలో పనిచేసే ఆంగ్లేయుడు సెలవులకు తన నగరం చేరి, పాత స్నేహితులతో, వాద్యబృందం నడుమ, ఆ ఊరి ఏల్ తాగడం అక్కడ ఒక సంప్రదాయం వంటిది. అయితే ఆ సంగీతానికి మద్యం తప్పనిసరి అని తలచేవారు ఒక విషయం గుర్తించవలెను. 1961 నుండి 1963 వరకు బీటిల్స్ బృందం దాదాపు మూడువందల సార్లు పాడిన లివర్‌పూల్ నగరపు కావర్న్ క్లబ్బులో ఆ రోజులలో మద్యం అమ్మేవారు కారు.

ఉధ్నా పరిస్థితి ఇంకా విచిత్రమైనది. 1960 మే 1న గుజరాత్ రాష్ట్రం ఏర్పడిననాటినుండి, అంతకు ముందు 1949నాటి బొంబాయి చట్టం కిందను, అక్కడ మద్యనిషేధం అమలులో ఉన్నది. నీరాకు మాత్రం అనుమతి ఉన్నది. శీతకాలపు ఉదయాలలో దానిని కేంద్రాలలో అమ్ముతారు. అనగా ఉదయం చట్టసమ్మతమైన రసం మధ్యాహ్నానికి నేరమగును. ఈ నిషేధం పైనుండి దిగివచ్చిన చట్టం మాత్రమే కాదు. 1922లో సూరత్ జిల్లా ఆదివాసులు, దేవి ఆజ్ఞ అని చెప్పుకొని, సారాను, తాడిని విసర్జించినారు. మద్యం వర్తకుల వద్ద పనిచేయుట మానుకొన్నారు. 1878నాటి ఆబ్కారీ చట్టం ఇంటి వాడకానికి కాచుకొనే హక్కును తీసివేసి, వారిని ఆ వర్తకుల బాకీలోనికి నెట్టి ఉండెను. 1930లో దండి సత్యాగ్రహ దినాలలో ఇదే జిల్లాలో స్వచ్ఛంద సేవకులు ఈతచెట్లను నరికినారు. అదే చెట్టు ఒక ప్రాంతంలో బాకీకి గుర్తు, మరొక ప్రాంతంలో గీతకార్మికుని జీవనాధారం. ఈ రెండింటిలో ఏది తప్పు అని తీర్పు చెప్పుటకు నేను సాహసించను. రెండు చరిత్రలు వేరు.

కాని ప్రాణహాని విషయంలో తీర్పు చెప్పక తప్పదు. గుజరాతులో కల్తీసారాను ‘లఠ్ఠా’ అంటారు. 2009లో అహమ్మదాబాదులో అది వందమందికి పైగా, 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో నలభైమందికి పైగా ప్రాణాలు తీసినది. మిథనాల్ కలిసిన ఆ ద్రవం చూపును పోగొట్టి ఆ తరువాత మనిషిని చంపును. నిషేధం ఉన్న చోట పేదవానికి దొరికేది ఇదే. తెలంగాణ మాత్రం నిశ్చింతగా ఉన్నదా? చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి కల్లు పేరిట అమ్మడం ఏండ్ల తరబడి సాగుతున్నది. అలవాటుపడినవారికి ఒక్కసారి అది దొరకనిచో వణుకు, మూర్ఛ, చిత్తభ్రమ కలిగి ఆసుపత్రుల పాలైన సందర్భాలు అనేకం. ఏడాదికొకసారి వచ్చే ఉధ్నా యువకునికి అసలు రుచి తెలియదు. మత్తు ఎక్కువైతే అదే మంచి కల్లు అనుకొనును. నిజానికి తక్కువ మత్తు, త్వరగా వచ్చే పులుపు, పైన తేలే నురుగు, ఒక్కొక్కప్పుడు ఒక తేనెటీగ, ఇవి చెట్టు కల్లుకు గుర్తులు. చెట్టు చూపలేని మండువలో తాగవద్దని మేనబావ చెప్పే మాట ఆరోగ్యశాఖ ప్రకటన కంటె పనికివచ్చును.

కల్లు, డప్పు కాక ఊరిలో అతని కొరకు మరొకటి వేచి ఉన్నది. పద్మశాలీలను ఆశ్రయించి జీవించే కూనపులివారు చేర్యాల చిత్రకారులు వ్రాసిన పొడవైన పటాన్ని విప్పుతూ, మార్కండేయుని వృత్తాంతం, భావనారుషి వృత్తాంతం కథగా చెబుతారు. నేతపని ఎట్లు పుట్టినదో, తమ వంశమేదో, ఆ పటంలో ఉన్నది. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు లభించినది గాని, పటం విప్పి చెప్పించుకొనే ఇళ్లు తగ్గినవి. చెప్పించుకొనవలసినవారు సూరత్‌లో, భివండీలో, షోలాపూరులో ఉన్నారు. ఉధ్నా యువకుడు ఆ కథ వింటే ఎంతవరకు అర్థమగును? సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. ఇది ఎన్నదగిన విషయం. ఒక గుజరాతీ నగరం తన సొమ్ముతో తెలుగు అక్షరాలు నేర్పుచున్నది. అయితే తల్లిదండ్రులలో చాలామంది పై చదువులను, కొలువును తలచి పిల్లలను ఇతర మాధ్యమాలకు పంపుతున్నారు. ఫలితంగా తెలుగు మాట్లాడి, గుజరాతీలో లెక్కించి, హిందీలో స్నేహం చేసి, తెలుగు చదువలేని తరం ఒకటి తయారగుచున్నది. ఆ పిల్లవాడు బస్సు మీది ఊరి పేరు చదువలేక పక్కవానిని అడుగును. ప్రశ్న మాత్రం స్వచ్ఛమైన కరీంనగరు యాసలో ఉండును.

అందుచేతనే తిరుగు ప్రయాణం అసలు ప్రయాణమా అన్న సందేహం కలుగును. ఉధ్నాలో పుట్టినవానికి స్వస్థలం ఏది? నగరం కష్టంలో పడినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కొంత దొరికినది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్‌నుండి లక్షలాది జనం కొద్ది దినాలలోనే రైళ్లెక్కి వెళ్లిపోయినారు. కొన్ని వారాలకు తిరిగి వచ్చినారు. 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తించడంలో, మురికివాడలు బాగుచేయించడంలో పేరు పొందినారు. ఆయన పేరు తెలుగు పేరు కావడం ఇక్కడి మనవారు గర్వంగా చెప్పుకొనే విషయం. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందూరు నగరంతో సమంగా మొదటి స్థానం పొందినది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నీరు విడువగా తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగినప్పుడు మరల కొందరు వెళ్లినారు, వచ్చినారు. 2020 వేసవిలో కరోనా మూలంగా మగ్గాలు ఆగినప్పుడు కూడా అంతే. ఆ సంవత్సరం మే 1న కార్మికులకొరకు నడచిన మొదటి ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు వెళ్లినది. అనగా తెలుగువారు పని వెదుకుతూ విడిచిన నేలకే ఇతరులు పని వెదుకుతూ వచ్చి ఉన్నారు.

మూడు సార్లూ ఉధ్నాకు తిరిగి వచ్చినవారిని ఎవరూ బలవంతపెట్టలేదు. బాకీ కొందరిని లాగినది నిజమే. కాని అద్దె ఇల్లు, పిల్లల బడి, వీధి చివరి మార్కండేయుని గుడి, పక్క మగ్గం ఒడియా స్నేహితుడు కూడా లాగినవి. శరత్పూర్ణిమ మరునాడు సూరత్ అంతటా ‘చందీ పడవో’ పేరిట ఘారీ తినే ఆచారం ఉన్నది. ఆనాడు ఊరిలో ఉండిపోయిన ఉధ్నా యువకుడు ఫోను చేసి స్నేహితులను అడిగేది దానిని గురించే. ఊరిలో అతనికి సూరత్ మీద బెంగ, సూరత్‌లో ఊరి మీద బెంగ.

ఊరికి పోయేటప్పుడు అతని సంచిలో సూరత్ చీరెలు, మేనత్తకు ఘారీ డబ్బా, పిల్లలకు బొమ్మలు ఉండును. వచ్చేటప్పుడు అదే సంచిలో సకినాలు, మామిడి తొక్కు, తంగేడు విత్తనాలు, జొన్నపిండి. ఖాందేశీ స్నేహితుడు ఈసారి ఒక సిర్రను అడిగి తెచ్చుకొన్నాడు. షెడ్డు మేడపైన రేకు డబ్బా మీద వాయించుకొనవలెనట. కల్లు మాత్రం రాదు. భుసావల్ చేరకముందే అది పులిసిపోవును.